నేలనిండా చరిత్ర.. నిలిపే నీడ ఏదీ?

కర్నూలులో నగర మ్యూజియం ప్రాంగణం నిర్మించాలంటే ముందుగా తేల్చుకోవాల్సిన అంశాలు

కర్నూలు: వేల ఏళ్ల నాటి అగ్నిపర్వత బూడిద, అశోకుని శిలాశాసనాలు, చాళుక్యుల ఆలయాలు, నవాబుల కట్టడాలు, ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన మూడేళ్లు.. ఇవన్నీ కర్నూలు చుట్టూ సుమారు వంద కిలోమీటర్ల పరిధిలోని చరిత్రే. అయితే నగరానికి వచ్చిన యాత్రికుడు కొండారెడ్డి బురుజు ఎక్కి దిగిన తర్వాత ఎటు వెళ్లాలో తెలియక బస్టాండు దారి పడుతున్నాడు. పురావస్తు శాఖ ఆధ్వర్యంలో ఒక ప్రదర్శనశాల ఉన్నప్పటికీ, జిల్లా కథను మొదటి నుంచి చివరి వరకు ఒకేచోట చెప్పగల ప్రాంగణం మాత్రం లేదు.

నగరం చూస్తుండగానే విస్తరిస్తోంది. 2001 జనగణన నాటికి శివార్లతో కలిపి సుమారు 3.4 లక్షలున్న జనాభా 2011 నాటికి 4.8 లక్షలకు చేరింది. 2021 మార్చిలో ఓర్వకల్లు వద్ద విమానాశ్రయం ప్రారంభమైంది. 44వ నంబరు జాతీయ రహదారి నగరాన్ని ఒకవైపు హైదరాబాద్‌తో, మరోవైపు బెంగళూరుతో కలుపుతోంది. ఇలా ఎదిగే నగరాలన్నీ ఏదో ఒకనాడు పెద్ద మ్యూజియం గురించి ఆలోచిస్తాయి. ఆ ఆలోచన సాధారణంగా భవనం నమూనాతో మొదలై, ప్రారంభోత్సవంతో ముగుస్తుంది. వస్తువులను ఎక్కడ దాచాలి, ఎండ నుంచి, వరద నుంచి ఎలా కాపాడాలి, పదేళ్ల తర్వాత ఎవరు నడపాలి అన్న ప్రశ్నలు వెనకపడతాయి. మ్యూజియం రూపకల్పన అంటే నిజానికి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడమే. కర్నూలు విషయంలో ఆ జవాబులు ఎలా ఉండాలో చూద్దాం.

చెప్పాల్సిన కథ ఏమిటి?

భవనానికి కొలతలు వేసే ముందు కథకు కొలతలు వేయాలి. ఎన్ని గదులు, ఎంత ఎత్తు, ఎంత వెలుతురు అన్నవి లోపల ఉంచే వస్తువులను బట్టే తేలతాయి.

ఉమ్మడి కర్నూలు జిల్లా కథ జుర్రేరు లోయలో మొదలవుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద సముద్రాలు దాటి వచ్చి బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురం వద్ద పొరగా నిలిచింది. ఆ పొరకు కిందా, పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరుల బృందం ఈ ఫలితాలను 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఈ ప్రాంతంలో మనిషి మనుగడ సాగించాడన్న వాదనకు అవి బలం చేకూర్చాయి. ప్రపంచ శాస్త్రవేత్తలు చర్చించుకునే ఈ స్థలం గురించి జిల్లాలోని విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వకాలు జరిపి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీశారు. ఓర్వకల్లు పరిసరాల్లోని కేతవరం కొండల్లో ఆదిమానవుల వర్ణచిత్రాలున్నాయి. తుగ్గలి మండలం యర్రగుడి వద్ద బండరాళ్లపై అశోకుని శాసనాలున్నాయి. వాటిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగడం విశేషం. వాటిని 1920ల చివర్లో గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త.

ఆ తర్వాత బాదామి చాళుక్యుల కాలం వస్తుంది. నది దాటితే ఉన్న అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఇప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నా, కర్నూలు నుంచి అరగంట ప్రయాణమే. హంద్రీ ఒడ్డున 1618 నాటి అబ్దుల్ వహాబ్ సమాధి, 1839లో ఆంగ్లేయులు పదవీచ్యుతుణ్ని చేసిన చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఉదంతం, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు, 1860లలో తవ్వకం మొదలైన కర్నూలు-కడప కాలువ, 1876-78 నాటి మహాకరవు.. ఇలా వరస సాగుతుంది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. భవనాలు చాలక డేరాలు వేసి కార్యాలయాలు నడిపిన రోజులవి. ఆనాటి ఫైళ్లు, ఫొటోలు, నగరవాసుల జ్ఞాపకాలు మ్యూజియానికి ఎంతో విలువైన సరకు.

దొరికింది ఇక్కడ.. చేరింది మరోచోట

జిల్లా నేలలో దొరికిన వస్తువులకు ఇల్లు లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. అమరావతి స్తూపం శిల్పాలు నేడు ప్రధానంగా చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. భట్టిప్రోలు ధాతుకరండాలది కూడా చెన్నై దారే. ఫుట్ దక్షిణ భారతమంతటా తిరిగి పోగుచేసిన ఆదిమానవుల పనిముట్ల సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొనుగోలు చేసింది. ఆనాడు కర్నూలు మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి అది సహజమే. నేటి పరిస్థితి వేరు. దొరికిన వస్తువును భద్రపరిచే చోటు సమీపంలో లేకపోవడమే అది దూరం తరలిపోవడానికి ప్రధాన కారణమవుతోంది.

చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకోవాలి. 1878 నాటి భారత నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు వంటివాటికి, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులకు వర్తిస్తుంది. పొలంలో విగ్రహం బయటపడితే రైతు తహసీల్దారుకు చెబుతాడు. అక్కడి నుంచి అది కార్యాలయం వరండాకో, పోలీసు స్టేషనుకో, ఊరి గుడికో చేరుతుంది. ఏ పొలంలో, ఎంత లోతులో, దేనితో కలిసి దొరికిందన్న సమాచారం ఈ ప్రయాణంలోనే పోతుంది. ఆ వివరం లేని విగ్రహం అందమైన రాయిగా మిగులుతుంది తప్ప చరిత్రకు సాక్ష్యం కాలేదు. ఫోన్ చేసిన మర్నాడే సిబ్బంది వచ్చి, ఫొటో తీసి, కొలిచి, నమోదు చేసుకునే విభాగం ఉంటే ఈ నష్టం తప్పుతుంది.

పొరుగు నగరం బళ్లారి ఇందుకు చక్కని ఉదాహరణ. జ్వాలాపురం పరిశోధకుల్లో ఒకరైన కొరిశెట్టర్ చొరవతో అక్కడ ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఏర్పడింది. చుట్టుపక్కల కొండల్లో దొరికిన పనిముట్లు ఆ ఊరిలోనే ఆ పిల్లలకే కనిపిస్తున్నాయి.

స్థలమే సగం రక్షణ

2009 అక్టోబరు 2ను కర్నూలు వాసులు మరచిపోలేరు. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పోటెత్తి నగరాన్ని ముంచాయి. పాతనగరంలో, నదీతీర కాలనీల్లో ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు నీటిలో చిక్కుకున్నాయి. నీరు తీశాక మిగిలిన బురదలో తడిసి ముద్దయిన దస్తావేజులు, పుస్తకాలు, పెళ్లి ఫొటోలు ఎన్నో. ఇళ్లు మళ్లీ కట్టుకోవచ్చు. తాళపత్రం తడిస్తే మళ్లీ రాసేవారు లేరు.

కాబట్టి ఈ నగరంలో మ్యూజియం స్థలానికి తొలి షరతు ఎత్తే. 2009లో నీరు ఎంతవరకు వచ్చిందో వీధివీధికీ గుర్తులున్నాయి. ఆ గీతకు పైన నేల ఉన్న చోటునే ఎంచుకోవాలి. తప్పనిసరై లోతట్టున కట్టాల్సి వస్తే వస్తువుల నిల్వగదులు పై అంతస్తులో ఉండాలి. నేలమాళిగ ఊసే వద్దు. ప్యారిస్‌లోని లూవ్ర్ అంతటి మ్యూజియానికే ఈ సంకటం తప్పలేదు. 2016 జూన్‌లో సీన్ నది ఉప్పొంగడంతో నేలమాళిగల్లోని వేల వస్తువులను హడావుడిగా పైకి చేర్చాల్సి వచ్చింది. నదికి దూరంగా లియెవాన్ పట్టణంలో కట్టిన ప్రత్యేక సంరక్షణ కేంద్రం 2019లో ప్రారంభమైంది.

ఎత్తు అనగానే జగన్నాథగట్టు గుర్తొస్తుంది. శ్రీశైలం ముంపు నుంచి కాపాడి తరలించిన రూపాల సంగమేశ్వరాలయం ఆ గట్టుమీదే ఉంది. ట్రిపుల్‌ఐటీడీఎం విద్యాసంస్థ కూడా అక్కడే. వరద భయం లేదు, విస్తరణకు చోటుంటుంది. అయితే బడి పిల్లలు, వృద్ధులు, బస్సు దిగిన గ్రామీణులు అంతదూరం ఎలా వెళ్లాలన్న ప్రశ్న తలెత్తుతుంది. నగరం నడిబొడ్డున కడితే జనం వస్తారు గానీ, చోటు చాలదు. పైగా కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. 2010లో సవరించిన చట్టం చెబుతున్నదిదే.

ఈ చిక్కుకు ఒక దారి ఉంది. ప్రాంగణాన్ని రెండుగా విభజించవచ్చు. నిల్వగదులు, ప్రయోగశాల, భారీ శిల్పాల ఆవరణ ఎత్తయిన చోట ఉండాలి. నగరం నడుమ ఒక పాత ప్రభుత్వ భవనాన్ని బాగుచేసి ప్రవేశ ప్రదర్శనశాలగా మార్చాలి. రెండింటి నడుమ వేళకు బస్సు నడపాలి. ఆ బస్సు లేకపోతే రెండో భాగం ఉన్నట్టే ఉండదు. రవాణా కూడా రూపకల్పనలో భాగమేనని గుర్తించాలి.

గ్యాలరీ కంటే ముందు గోదాము

మ్యూజియం అనగానే అద్దాల అరలు కళ్లముందు కదులుతాయి. నిజానికి పెద్ద మ్యూజియాలు ప్రదర్శించేది తమ వద్ద ఉన్నవాటిలో కొద్ది భాగమే. మిగిలినవన్నీ నిల్వగదుల్లో ఉంటాయి. పరిశోధకులకు అక్కడే పని. భవనం పటంలో ఆ గదులకు చోటు కేటాయించకపోతే, ప్రారంభమైన కొన్నేళ్లకే విగ్రహాలు మెట్లకింద, మరుగుదొడ్ల పక్కన చేరతాయి.

నిల్వగది అంటే తాళం వేసిన కొట్టు కాదు. లోహాలకు పొడిగాలి కావాలి. తాళపత్రాలకు మరీ పొడిగాలి పనికిరాదు, విరిగిపోతాయి. నూలు, పట్టు వస్త్రాలను మడతలు పెట్టకుండా చుట్టి ఉంచాలి. కొయ్య వస్తువు లోపలికి వచ్చేముందు చెదలు, పురుగు ఉన్నాయేమో చూసేందుకు విడిగా ఒక గది ఉండాలి. బరువైన శిల్పాలను దించేందుకు లారీ వెనక్కి వచ్చి ఆగే అరుగు, వెడల్పాటి తలుపులు, బరువు మోయగల నేల కావాలి. తలుపు కొలత తక్కువైతే ఎంత గొప్ప శిల్పమైనా ఆరుబయటే ఉండిపోతుంది.

ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, ఫొటో, దొరికిన చోటు, తేదీ, నేటి స్థితి నమోదు కావాలి. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల్లో సీ-డాక్ సంస్థ రూపొందించిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్ ఇందుకు ఉపయోగపడుతోంది. పుస్తకం రిజిస్టరు కూడా ఉండాలి. కంప్యూటరు పాడైనా, పుస్తకం పోయినా రెండోది సాక్ష్యం చెబుతుంది.

మన దగ్గర తరచూ కనిపించే మరో పొరపాటు సిమెంటు. విగ్రహాన్ని దిమ్మెపై నిలిపి చుట్టూ సిమెంటు పోసేస్తారు. సిమెంటులోని లవణాలు తేమతో కలిసి రాతిలోకి ఎక్కి, పైపొరను పొరలు పొరలుగా రాల్చేస్తాయి. ఆ విగ్రహాన్ని మళ్లీ కదపాలంటే పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు. ఇనుము తుప్పు రాతికి అంటకుండా స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలతో, విప్పదీసే వీలుండేలా బిగించడం సరైన పద్ధతి.

ఎండను ఎదుర్కొనేది ఏసీ ఒక్కటే కాదు

కర్నూలులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అద్దాల గోడలతో కట్టిన భవనం ఇక్కడ కొలిమిలా మారుతుంది. దాన్ని చల్లబరచేందుకు అయ్యే కరెంటు బిల్లే ఏటా పెద్ద భారమవుతుంది. సాయంత్రం ఐదింటికి ఏసీ కట్టేసి, ఉదయం పదింటికి మళ్లీ వేయడం అన్నిటికంటే ప్రమాదం. రోజూ వేడి, చలి మారుతుంటే కొయ్య, దంతం, కాగితం సాగి, కుంచించుకుని పగుళ్లిస్తాయి. గాలిలో తేమ ఎంత ఉందన్నదానికి తోడు, ఎంత నిలకడగా ఉందన్నది ముఖ్యమని సంరక్షణ నిపుణులు చెబుతారు. అందువల్ల నిలకడ అవసరమైన వస్తువులన్నింటినీ ఒకటి రెండు లోపలి గదులకు పరిమితం చేసి, వాటికే రాత్రింబవళ్లు యంత్రాలు నడపడం మేలు. రాతి శిల్పాలకు ఆ అవసరం లేదు. నీడ, గాలి తగిలే వసారాలు వాటికి చాలు.

ఈ విద్య సీమ ఇళ్లకు కొత్త కాదు. దళసరి రాతిగోడలు, మట్టిమిద్దెలు, పైకప్పులో వెలుతురుకు వదిలిన గవాచీలు, నడుమ ముంగిలి.. ఇవన్నీ ఎండను తట్టుకునేందుకు పెద్దలు కనిపెట్టిన ఉపాయాలే. బేతంచెర్ల నాపరాయి చేతికందే దూరంలో ఉంది. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ఇదే సూత్రాన్ని పాటించారు. 1982లో ప్రారంభమైన భోపాల్‌లోని భారత్ భవన్‌ను ఆయన చెరువుగట్టు వాలులోకి మెట్లుమెట్లుగా దించి, ముంగిళ్ల చుట్టూ గదులు అమర్చారు. దూరం నుంచి చూస్తే భవనం ఉన్నట్టే తోచదు. గట్టుమీద కట్టాలనుకునే నగరం దాన్ని పరిశీలించి తీరాలి.

వెలుతురుకూ కొలత ఉంది. వస్త్రాలు, కాగితాలు, నీటిరంగుల చిత్రాలపై పడే కాంతి 50 లక్స్‌కు మించకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. రాతికి, మట్టిపాత్రలకు అంత పట్టింపు లేదు. ఆదోని, ఎమ్మిగనూరు నేతలను ఎండపడే కిటికీ పక్కన వేలాడదీస్తే కొన్నేళ్లలోనే రంగు వెలిసిపోతుంది. ఏ వస్తువు ఏ గదిలో అన్నది ముందే తేలితే కిటికీ ఎటు పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది.

నగరంతోపాటు పెరిగేలా..

అంతా ఒకేసారి కట్టేయాలన్న తొందర మంచిది కాదు. అహ్మదాబాద్‌లోని సబర్మతి ఆశ్రమంలో 1963లో ప్రారంభమైన గాంధీ స్మారక సంగ్రహాలయం ఇందుకు పాఠం. కొరియా దాన్ని ఆరు మీటర్ల చదరపు గదుల సముదాయంగా తీర్చిదిద్దారు. ఇటుక స్తంభాలు, పెంకుటి కప్పు, గాలికి తెరచుకునే కొయ్య పలకల కిటికీలు, నడుమ నీటి కొలను.. అంతే. అవసరమైనప్పుడు మరో గది చేర్చినా రూపం చెడదు. నిధులు విడతలుగా వచ్చే జిల్లాకు ఇటువంటి పద్ధతే అనువు. మొదటి విడతలో నాలుగు గదులే పూర్తయినా అది సగంలో ఆగిన భవనంలా కనిపించదు.

పెద్ద ఎత్తున కట్టిన ఉదాహరణ పట్నాలోని బిహార్ మ్యూజియం. అంతర్జాతీయ పోటీలో ఎంపికైన జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకి సంస్థ, ముంబయికి చెందిన ఓపోలిస్ కలిసి దానికి రూపమిచ్చాయి. 13 ఎకరాలకు పైగా స్థలంలో ఒకే మహాభవనం బదులు ముంగిళ్లతో కలిపిన భవనాల వరసను నిర్మించారు. పిల్లల విభాగం 2015లో ముందుగా తెరుచుకుంది. 2017 అక్టోబరులో మ్యూజియం పూర్తిస్థాయిలో ప్రారంభమైంది. ఖర్చు సుమారు 500 కోట్ల రూపాయలు.

పట్నాలో నేర్చుకోవాల్సింది మరొకటుంది. శతాబ్దం నాటి పాత పట్నా మ్యూజియం అప్పటికే నగరంలో ఉంది. 1764కు ముందు కాలపు వస్తువులు కొత్తదానికి, ఆ తర్వాతివి పాతదానికి అని పంచారు. 1917లో గంగ ఒడ్డున దొరికిన ప్రఖ్యాత దీదార్‌గంజ్ యక్షి విగ్రహం కూడా కొత్త భవనానికి తరలింది. దీనిపై అక్కడ తీవ్రమైన చర్చే జరిగింది. కొత్తది కట్టినంత మాత్రాన పాతది చిన్నబోకూడదు. కర్నూలులో ఉన్న ప్రదర్శనశాలకు ఏ పాత్ర ఇస్తారన్నది మొదటే తేల్చాలి.

నిప్పు, దొంగ.. రెండు గండాలు

2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నికి ఆహుతైంది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. రెండు వందల ఏళ్ల సేకరణలో అధికభాగం బూడిదైంది. సమీపంలోని నీటి కుళాయిలు పనిచేయక అగ్నిమాపక సిబ్బంది విలువైన సమయం కోల్పోయారు. అదే నెలలో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ బాక్సును దొంగలు వెంటిలేటర్ గుండా దిగి ఎత్తుకుపోయారు. పోలీసులు కొద్దిరోజుల్లోనే దాన్ని పట్టుకోవడంతో గండం గడిచింది.

ఈ ఘటనల నుంచి తేలేది ఒకటే. అగ్నిమాపక వాహనం చుట్టూ తిరిగే దారి, ఎప్పుడూ నిండుగా ఉండే నీటి తొట్టి, మనిషి దూరలేని వెంటిలేటర్లు, పాతబడిన వైర్లు మార్చే ఏర్పాటు.. ఇవన్నీ పటంలోనే ఉండాలి. కట్టిన తర్వాత అతికిస్తే అతకవు. సీసీ కెమెరాలు దొంగను చూపగలవు గానీ ఆపలేవు.

ముంపు ఊళ్ల మాటేమిటి?

శ్రీశైలం జలాశయంలో ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన వందకు పైగా గ్రామాలు మునిగాయి. గుళ్లను రాయి రాయికీ సంఖ్య వేసి విప్పి, ఒడ్డుకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి చేరింది. సప్తనదుల సంగమేశ్వరం గుడి ఇప్పటికీ వేసవిలో నీరు తగ్గితేనే బయటపడుతుంది. గుడులకు దక్కిన సంఖ్యలు, పటాలు ఆ ఊళ్ల ఇళ్లకు దక్కలేదు. 1981 నాటికి పెద్దవారైన నిర్వాసితులు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. ఏ వీధిలో ఎవరి ఇల్లు, ఏ బావి నీరు తియ్యన, జాతర ఏ నెలలో అన్నది వారి నోటనే మిగిలింది.

నగర మ్యూజియంలో అత్యవసరంగా మొదలుపెట్టాల్సిన పని ఇదే. దీనికి భవనం అక్కర్లేదు. ఒక రికార్డరు, ఒక కెమెరా, శిక్షణ పొందిన నలుగురు విద్యార్థులు చాలు. గొర్రు, గుంటక, బావి నుంచి నీరు తోడిన కపిల, కరవు రోజుల అప్పుపత్రాలు, ముంపు ఊరి రేషన్ కార్డు.. ఇవన్నీ చోళుల కంచు విగ్రహంతో సమానంగా జిల్లా కథ చెప్పేవే. ఇచ్చినవారి పేరు వివరణ ఫలకంపై రాస్తే ఆ కుటుంబం మూడు తరాలు మ్యూజియానికి వస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోవడంతో మరో చిక్కు వచ్చింది. జ్వాలాపురం, బిల్లసర్గం, సంగమేశ్వరం నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. కేతవరం, యర్రగుడి కర్నూలులో మిగిలాయి. అలంపురం వేరే రాష్ట్రం. వస్తువుల కోసం జిల్లాలు పోటీపడితే అందరూ నష్టపోతారు. దొరికినచోటికి దగ్గరలో అసలు, మిగతాచోట్ల అచ్చు ప్రతి అన్న నియమం పెట్టుకోవచ్చు. నిర్ణీత కాలానికి అరువిచ్చి పుచ్చుకోవడం మ్యూజియాల మధ్య సర్వసాధారణం. తవ్విన నేల గోడను రసాయనాలతో గట్టిపరచి పొరగా ఒలిచి పలకపై అతికించే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే జ్వాలాపురం బూడిద పొర కర్నూలు పిల్లల కళ్లముందు నిలుస్తుంది. అసలు స్థలం చెక్కుచెదరదు.

తలుపు తెరిచాక..

అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022 ఆగస్టులో మ్యూజియంకు కొత్త నిర్వచనం ఆమోదించింది. లాభాపేక్ష లేకుండా సమాజ సేవలో ఉండే శాశ్వత సంస్థ, అందరికీ అందుబాటులో ఉండాలి, ప్రజల భాగస్వామ్యంతో నడవాలి అన్నది దాని సారం. ‘శాశ్వత’ అన్న మాటే అసలు పరీక్ష. భవనానికి ఒక్కసారి నిధులిస్తే సరిపోతుంది. క్యూరేటరు, సంరక్షణ నిపుణుడు, విద్యా విభాగం బాధ్యుడు, కాపలాదారులు, కరెంటు బిల్లు ఏటా ఉంటాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియం గ్రాంట్ పథకం కింద కొత్తవాటికి, పాతవాటి ఆధునికీకరణకు సాయం అందిస్తోంది. నడిపే ఖర్చుకు మాత్రం స్థానికంగానే దారి చూసుకోవాలి. అంచనాల్లో తొలిరోజు నుంచే పదేళ్ల నిర్వహణ వ్యయం చూపాలి.

లోపలి రాతలు ముందు తెలుగులో, తర్వాత ఉర్దూ, ఆంగ్లంలో ఉండాలి. ‘క్రీ.శ. 7వ శతాబ్ది, ఇసుకరాయి’ అని వదిలేస్తే చూసేవారికి ఏమీ తెలియదు. ఎక్కడ దొరికింది, ఎందుకు చెక్కారు, పక్కనున్నదానికీ దీనికీ తేడా ఏమిటి అన్నవి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. చక్రాల కుర్చీ వెళ్లేలా పన్నెండు అడుగులకు ఒక అడుగు మించని వాలుదారి, చంటిబిడ్డల తల్లులకు గది, శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీరు, బడి బస్సులు ఆగే చోటు అలంకారాలు కావు. ఇవి లేనిచోటికి రెండోసారి ఎవరూ రారు.

మొదట చేయాల్సినవి

* ఉమ్మడి జిల్లాలో తహసీల్దారు కార్యాలయాలు, పోలీసు స్టేషన్లు, గుళ్లు, కళాశాలల్లో ఉన్న పురావస్తువులకు ఫొటోలతో జాబితా తయారుచేయాలి.
* 2009 వరద గుర్తులను పటంపైకి ఎక్కించి, ఆ గీతకు పైనున్న ప్రభుత్వ స్థలాలను గుర్తించాలి.
* ముంపు గ్రామాల పెద్దల జ్ఞాపకాలను వెంటనే రికార్డు చేయాలి.
* నిల్వగదులు, ప్రయోగశాల మొదటి విడతలోనే పూర్తిచేయాలి. గ్యాలరీలు తర్వాత.
* నిర్వహణకు ప్రత్యేక నిధి, సిబ్బంది నియామకాలకు ఉత్తర్వులు వచ్చాకే భవనానికి టెండరు పిలవాలి.

ఈ అయిదింటిలో మొదటి మూడు పనులకు కోట్లు అవసరం లేదు. విశ్వవిద్యాలయం, డిగ్రీ కళాశాలల చరిత్ర విభాగాలు, పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ కలిసి కూర్చుంటే ఒక విద్యా సంవత్సరంలో చాలావరకు పూర్తవుతాయి. ఆ జాబితా, ఆ పటం, ఆ మాటలు చేతిలో ఉంటే వాస్తుశిల్పికి ఏం కావాలో నగరమే చెప్పగలుగుతుంది. అవి లేకుండా పిలిస్తే అతడు తనకు నచ్చిన భవనం కట్టి వెళ్తాడు.